ఎలకల అప్పగింతలు

ఇలా దగ్గరికి జరగండర్రా, అరుగు మీద ఎండ దిగిపోయింది. ఇవాళ ఎలకల కబుర్లు. అలా మొహాలు పెట్టకండి! మన బియ్యం డబ్బా చుట్టూ తిరిగే గడుగ్గాయిల గురించి కాదు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ కొందరు కుక్కనీ పిల్లినీ పెంచుకున్నట్టే ఎలకనీ పెంచుకుంటారు. పెంచలేక వదిలేసినవాటిని ఇంకొకళ్ళు తెచ్చుకుని, కొన్నాళ్ళు సాకి, మచ్చిక చేసి, మంచి ఇల్లు చూసి పంపిస్తారు. దాన్ని ఫాస్టరింగ్ అంటారు. డాలస్‌లో మీ శ్రావణి అక్క చేసేది అదే. మేం అక్కడ ఉన్నప్పుడు దగ్గరుండి చూశాను. మీ బామ్మ మాత్రం ఊళ్ళోకి దిగగానే వీధంతా చాటింది, "అంత చదువు చదివిన పిల్ల ఎలకలకి సంబంధాలు చూస్తోందమ్మా!" అని. వినాయక చవితినాడు స్వామి పాదాల దగ్గరున్న మట్టి ఎలక్కి కూడా పువ్వు పెట్టే మనిషే ఈవిడ!

అసలు ఎలకలు దిక్కులేనివి ఎలా అవుతాయి? వినండి. 2019 అక్టోబరులో కాలిఫోర్నియాలో, శాన్ డియేగోకి పైనున్న డెల్ మార్ అనే ఊళ్ళో, ఒకావిడ వ్యానులోనే కాపురముంటోంది. ఆ వ్యానులో ఆవిడతోపాటు మూడొందల పైచిలుకు ఎలకలు. సీట్లు కొరికేశాయి, గోడల్లో దూరాయి. మొదట్లో ఉన్నవి రెండంటే రెండే! పాపం ఆవిడ చెడ్డదేం కాదు, సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళకి తనే అప్పజెప్పింది. శాన్ డియేగో హ్యూమేన్ సొసైటీ వాళ్ళు వాటినన్నిటినీ తీసుకెళ్ళి, పెంచుకుంటామన్నవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టారు.

రెండు మూడొందలెలా అయ్యాయో లెక్క కడదాం, పలకేం అక్కర్లేదు. ఎలక కడుపు మోసేది మూడు వారాలు, ఓ రోజు అటూ ఇటూ. పిల్లల్ని పెట్టిన ఇరవై నాలుగు గంటల్లోనే మళ్ళీ కడుపుతో ఉండగలదు. పిల్లలు అయిదారు వారాలకల్లా ఈడుకొచ్చేస్తాయి. ఒక కాన్పుకి పది అనుకోండి, అందులో అయిదు ఆడవి. నెల తిరిగేసరికి తల్లి ఇంకో పది పెడుతుంది. రెండు నెలలకి మొదటి కాన్పులోని అయిదుగురు ఆడపిల్లలూ తలా పది పెడతాయి. ఎన్నయ్యాయి? మొదటి రెండు, పది, పది, యాభై... డెబ్బై రెండు! రెండు నెలలకి సంగతి ఇది. అన్నీ ఇంత ఒద్దికగా జరగవనుకోండి, కానీ ఆ వ్యాను కథ అర్థమైందిగా.

అందుకే ఎలకలు చేతికి రాగానే శ్రావణి ముందు చేసే పని తోక ఎత్తి చూడ్డం. మగవాటి వృషణాలు పెద్దవి, అయిదో వారానికి ఎవరికైనా తెలిసిపోతాయి. ఆడవీ మగవీ వేరు చెయ్యడమే మొదటి వైద్యం. మగవాటితో కలిసి ఉండి వచ్చిన ఆడ ఎలకని మూడు వారాలు దాటేదాకా ఎవరికీ ఇవ్వరు. కడుపుతో ఉందో లేదో పైకి చూసి చెప్పలేం కదా.

ఈ పెంపుడు ఎలకల పుట్టుపూర్వోత్తరాలు కూడా సరదాగా ఉంటాయి. విక్టోరియా రాణిగారి కాలంలో లండన్‌లో జాక్ బ్లాక్ అని ఎలకలు పట్టేవాడు ఉండేవాడు. ఊళ్ళో ఎలకలు పడుతుంటే అప్పుడప్పుడు వింత రంగువి దొరికేవి. వాటిని చంపకుండా పెంచి, పిల్లలు పెట్టించి, షోకు చేసే ఆడవాళ్ళకి అమ్మేవాడు. తర్వాత మేరీ డగ్లస్ అనే ఆవిడ పట్టుబట్టి, 1901లో ఎయిల్స్‌బరీలో చిట్టెలకల ప్రదర్శనలో ఈ పెద్ద ఎలకలకీ చోటు ఇప్పించింది. ప్రయోగశాలల్లో ఉండే తెల్ల ఎలకదీ ఇదే జాతి. ఆ తెల్లవాటితో మనకీ చుట్టరికం ఉందర్రా! హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూశారూ, అది మొదలైంది 1918లో నీలగిరుల మీద కూనూరులో. 1958లో మన దగ్గరికొచ్చింది. దాన్ని మొదలుపెట్టిన రాబర్ట్ మెక్‌కారిసన్ దొర ఎలకలకి దేశంలో ఒక్కో ప్రాంతంవాళ్ళు తినే భోజనం పెట్టి పెంచాడు. సిక్కుల గోధుమరొట్టె, పాలు, పెరుగు, పప్పు, కూర తిన్నవి ఏపుగా ఎదిగాయి. మద్రాసు వైపు తెల్లన్నం తిన్నవి అన్నిట్లోకీ కురచబారాయి. అప్పట్లో మనమూ మద్రాసు కిందే. మీ అమ్మ ముడిబియ్యం వండితే ఇక పేచీ పెట్టకండి!

సరే, శ్రావణి గదిలోకి వద్దాం. పంజరం అంటే మన చిలక పంజరం కాదు, బీరువా అంత ఎత్తు. పాత తువ్వాళ్ళతో కుట్టిన ఉయ్యాలలు, అడుగున మెత్తటి దుప్పటి ముక్కలు. రంపప్పొట్టు పోస్తే చవకే కదే అన్నాను. "దేవదారు, పైన్ చెక్కల పొట్టు వాసన వాటి ఊపిరితిత్తులకి పడదు తాతయ్యా" అంది. ఎలకల ప్రాణమంతా ఊపిరితిత్తుల్లోనే ఉంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చాలావాటిలో పుట్టుకనుంచే కాపురముంటుంది. ఇరుకు, బెంగ, ఉచ్చ కంపు తోడైతే విజృంభిస్తుంది. కొత్తగా వచ్చినవాటిని పాతవాటితో కలపకుండా రెండు వారాలు వేరే గదిలో ఉంచేది కూడా రోగాల భయంతోనే.

ఓ పొద్దున్న, కొత్తగా వచ్చిన ఎలకల జతలో ఒకదాన్ని చూసి బామ్మ కెవ్వుమంది, "దాని కళ్ళలోంచి రక్తం కారుతోందే!" అని. వెళ్ళి చూస్తే నిజంగానే కంటి మూలలా ముక్కు చివరా ఎర్రటి చారలు. అది రక్తం కాదు. కంటి వెనకున్న ఒక గ్రంథిలోంచి వచ్చే పోర్ఫిరిన్ అనే రంగు. ఎలక్కి బెంగ పెట్టుకున్నా, జబ్బు చేసినా అది ఎక్కువ ఊరుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలకైతే ముంజేతులతో మొహం తుడుచుకుంటుంది, ఒంట్లో బాగోలేనిది తుడుచుకోదు. శ్రావణి తడిగుడ్డతో మెల్లిగా అద్ది, డాక్టరుకి ఫోను చేసింది.

ఆ వచ్చిన జతలో ఒకదానివి గులాబీ కళ్ళు. మెట్టు చివర నిలబడి తలని ఇటూ అటూ ఊపుతూ ఉండేది. "దిష్టి తీస్తోందేమో" అంది బామ్మ. గులాబీ కళ్ళ ఎలకలకి చూపు బాగా మందం. తల ఊపితే దగ్గరున్న వస్తువు ఎక్కువగా, దూరంగా ఉన్నది తక్కువగా కదిలినట్టు కనబడుతుంది, దాంతో ఎంత దూరం దూకాలో అంచనా కడుతుంది. మీరు బస్సు కిటికీలోంచి చూడండి, దారి పక్క కరెంటు స్తంభాలు పరిగెడతాయి, దూరాన కొండ నింపాదిగా కదులుతుంది. అదే సంగతి.

మచ్చిక చేసే విద్య ఇంకా బావుంటుంది. భయపడ్డ ఎలక్కి జీడిపప్పో అటుకులో ఇస్తే లాక్కుని మూలకి పారిపోతుంది, దాచేస్తుంది. మన నెల్లూరు వైపు యానాదులు పొలంలో ఎలక కన్నం తవ్వి దాచిన వడ్లు బయటికి తీస్తారే, ఆ బుద్ధే ఇదీ. అందుకని శ్రావణి ఏం చేసిందీ, చెంచాడు పెరుగు పట్టుకుని కూర్చుంది. పెరుగుని లాక్కుని పారిపోవడం ఎలా? అక్కడే నిలబడి నాకాలి! మొదట మూతి తగిలించి వెనక్కి పోయింది. ఎలక్కి వాంతి చేసుకునే శక్తి లేదు, తిన్నది విషమైనా కక్కలేదు. కాబట్టి కొత్తది దేన్నైనా రవ్వంత రుచి చూసి ఆగడం దాని స్వభావం. మర్నాడు కాస్త ఎక్కువ నాకింది. రోజూ చెంచా కాడని కాస్త కాస్త దగ్గరికి లాక్కుంటూ వస్తే, చివరికి ఎలక అరచేతిలో నిలబడి నాకుతుంది. తను వేసుకుని విప్పిన చొక్కా కూడా పంజరంలో పడేసేది. మనిషిని మొహంతో కాదు, వాసనతో గుర్తుపడతాయి అవి.

ఒకసారి మచ్చికయ్యాక చూడాలి! ఒళ్ళో పడుకుని పళ్ళు కరకరా నూరుతుంది, కళ్ళు మాత్రం బయటికీ లోపలికీ టకటకా ఆడతాయి. నేను హడలిపోయాను. దవడని కదిపే కండరంలో ఒక పాయ కంటిగుంటలోంచి పోతుందట, పళ్ళు నూరినప్పుడల్లా అది కంటిని వెనకనుంచి తోస్తుంది. అది చాలావరకు హాయిగా ఉందనడానికి గుర్తు. నవ్వు కూడా ఉంది వాటికి. జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త గబ్బిలాల అరుపులు వినే యంత్రం పెట్టి, ఎలకలకి చేత్తో చక్కిలిగింతలు పెట్టాడు. 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలు వినిపించాయి. మన చెవి 20 దాటి వినలేదు. ఇన్నేళ్ళూ మన పక్కనే నవ్వుకుంటున్నా మనకి తెలీలేదన్నమాట! చెయ్యి తీసేస్తే వెంటపడి వచ్చేవట, మళ్ళీ పెట్టమని.

ఇహ సంబంధాలు. పెంచుకుంటామని వచ్చినవాళ్ళని శ్రావణి అడిగే ప్రశ్నలు వింటే పెళ్ళిచూపులకొచ్చిన మేనత్త గుర్తొస్తుంది. ఇంట్లో పిల్లి ఉందా, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా, ఎలకలకి వైద్యం చేసే డాక్టరు దగ్గర్లో ఉన్నాడా, ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇక తెంచి చెప్పే షరతు ఒకటి: ఒంటి ఎలకని ఇవ్వను, జత తీసుకోవాలి, లేదా మీ ఇంట్లో ఇప్పటికే ఎలక ఉండాలి. ఇది చాదస్తం కాదు. 2011లో చికాగో విశ్వవిద్యాలయంవాళ్ళు ఒక ఎలకని ఇరుకు గొట్టంలో బంధించి, దాని జతగాణ్ణి బయట వదిలారు. బయటిది తంటాలు పడి తలుపు తియ్యడం నేర్చుకుంది. పక్కన ఇంకో గొట్టంలో చాక్లెట్ ముక్కలు పెట్టినా, అదీ తీసి, దీన్నీ విడిపించి, చాలాసార్లు చాక్లెట్‌లో వాటా మిగిల్చింది. అలాంటి జీవాన్ని ఒంటరిగా పెడితే ఏమవుతుంది చెప్పండి?

"రెండు మూడేళ్ళు బతికేదానికి ఇంత హంగామానా?" అని బామ్మ సణిగింది. రెండేళ్ళు దాటిన ముసలివాటికి, రొమ్ములో గడ్డలు లేచినవాటికి ఎవరూ రారు కూడా. అవి శ్రావణి దగ్గరే ఉండిపోతాయి. నాకైతే ఇందులో తప్పేం కనబడలేదు. రెండేళ్ళంటే దానికి నిండు నూరేళ్ళే కదా. ఆ జతని తీసుకెళ్ళడానికి ఓ స్కూలు టీచరమ్మ వచ్చినప్పుడు, పెరుగు తియ్యగా ఉండకూడదని ఆవిడకి చెప్పమని శ్రావణికి రెండుసార్లు గుర్తుచేసింది మాత్రం బామ్మే!

ఏంట్రా చిన్నోడా, గాదె కింద దాన్ని పట్టి మచ్చిక చేద్దామంటావా? వద్దు నాన్నా. అవి తరతరాలుగా మనుషుల చేతుల్లో పెరిగినవి, ఇది కాదు. దీని ఉచ్చలో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, పొలంలో కాలికి గీరుకుపోయినచోటి నుంచి మనిషికి ఎక్కి జబ్బు చేస్తుంది అది. పెంపుడువాటిని నమ్మినా చేతులు కడుక్కోవాల్సిందే. 2017లో అమెరికాలో పెంపుడు ఎలకల నుంచే సియోల్ వైరస్ మనుషులకి సోకింది. మన ఎలకని దూరం నుంచి చూడు చాలు. అది వాకిలి నడిమధ్యకి రాదు, గోడవారనే పోతుంది. మీసాలు గోడకి తగిలిస్తూ చీకట్లో దారి వెతుక్కుంటుంది. రోజూ అదే దారి కాబట్టి ఒంటి జిడ్డు అంటుకుని గోడ అడుగున నల్లటి చార పడుతుంది. రేపు పొద్దున్నే గాదె వెనక వెతకండి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో ఆ చారే చెబుతుంది.