కట్టవలె నిలిచినవాడు : సయ్యద్ నయీముద్దీన్

రాయలసీమ వానచుక్క విలువ తెలిసిన నేల. కర్నూలు, కడప ప్రాంతాల పల్లెల్లో చెరువు నిండితే జనం నీటిని చూసి మురిసిపోతారు. ఆ నీటిని నిలిపిన కట్టను తలచేవారు తక్కువ. కట్ట తెగిననాడే దాని విలువ తెలుస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించాడు. ఆ కట్ట కోసం రెండేళ్లపాటు ప్రతిదినం వేయిమంది కూలీలు, రాళ్లు తరలించడానికి నూరు బండ్లు పనిచేసినట్లు 1369 నాటి శాసనం తెలుపుతున్నది. నిలిపి కాపాడడం అంత శ్రమతో కూడిన పని. ఫుట్‌బాల్ ఆటలో అటువంటి కట్టగా నిలిచేవాడే డిఫెండర్, అనగా రక్షణ ఆటగాడు.

జట్టులోని పదకొండు మందిలో గోల్ కొట్టినవాడి పేరు మరునాడు పత్రికలకెక్కుతుంది. పడవలసిన గోల్‌ను పడకుండా ఆపినవాడి పేరు ఏ లెక్కలోనూ చేరదు. అయితే అతని పని సులభమైనది కాదు. ప్రత్యర్థి కాలి కదలికను బట్టి బంతి ఎటు పోతుందో ముందే ఊహించాలి. తొందరపడి మీదికి దూకితే వెనుక చోటు ఖాళీ అవుతుంది. వెనుకాడితే ప్రత్యర్థికి గురి చూసుకొనే వ్యవధి దొరుకుతుంది. తోటి రక్షకులతో కలిసి ఒకే వరుసలో ముందుకు, వెనుకకు కదలాలి. ఆ వరుసలో ఒక్కడు తప్పినా ప్రత్యర్థికి దారి ఏర్పడుతుంది. కాబట్టి రక్షకునికి దేహబలం ఎంత అవసరమో నిగ్రహమూ అంతే అవసరం.

1970లో మెక్సికోలో ప్రపంచకప్ గెలిచిన బ్రెజిల్ జట్టు అనగానే అందరికీ పీలే గుర్తుకు వస్తాడు. ఆ జట్టు నాయకుడు కార్లోస్ ఆల్బెర్టో మాత్రం రక్షణ ఆటగాడు. అదే సంవత్సరం డిసెంబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో భారత జట్టుకు నాయకత్వం వహించినవాడూ రక్షణ ఆటగాడే. ఆయన హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్.

నయీముద్దీన్ 1944లో హైదరాబాదులో జన్మించారు. ఆనాటి హైదరాబాదు భారత ఫుట్‌బాల్‌కు పెట్టనికోట. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుండి అక్కడి పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకున్నది. రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆ జట్టులో హైదరాబాదు రక్షకుడు అజీజుద్దీన్ ఉన్నారు. క్యాన్సర్ వ్యాధి బాధిస్తున్నా రహీం 1962లో జకార్తాలో జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం సాధించిపెట్టి, మరుసటి ఏడు కన్నుమూశారు. నయీముద్దీన్ ఎదిగింది ఈ పరంపరలోనే.

హైదరాబాదు పోలీసు జట్టులో రాణించిన నయీముద్దీన్, ఆ తరువాత అనేకమంది హైదరాబాదు క్రీడాకారుల వలెనే కలకత్తా చేరారు. అక్కడి మూడు ప్రసిద్ధ క్లబ్బులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్ల పక్షాన ఆడారు. పరస్పరం బద్ధవిరోధులుగా భావించుకొనే అభిమానుల నడుమ మూడు జట్లలోనూ స్థానం పొందడం ఆయన ప్రతిభకు నిదర్శనం.

బ్యాంకాక్ పోటీలు ఆయన జీవితంలో మరపురాని ఘట్టం. రెండవ దశలో భారత జట్టు జపాన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడింది. సెమీఫైనల్‌లో బర్మా చేతిలో పరాజయం పొందింది. కాంస్య పతకం కోసం మళ్లీ జపాన్‌తోనే తలపడవలసి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశమది. మంజీత్ సింగ్ ఒక గోల్ సాధించాడు. జపాన్‌కు ఒక్క గోల్ కూడా దక్కలేదు. 1-0తో పతకం భారత్‌కు లభించింది. ఒక్క గోల్ విజయానికి చాలిందంటే, వెనుక రక్షణ వరుస చెదరకుండా నిలవడమే కారణం. ఆ ఏడాదే నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించింది.

ఆట విరమించిన తరువాత ఆయన శిక్షకుడయ్యారు. కఠినమైన క్రమశిక్షణకు పేరుపొందారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే సంవత్సరం ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడింటినీ గెలుచుకున్నది. ఆ సంవత్సరమే ఆయనను ద్రోణాచార్య పురస్కారం వరించింది. ఆయన శిక్షకుడుగా ఉండగా భారత జట్టు దక్షిణాసియా విజేతగా 1997లో కాఠ్మండులోను, 2005లో కరాచీలోను నిలిచింది. రహీం నాటి క్రమశిక్షణ ఈ విధంగా మరొక తరానికి అందింది.

అయినా ఒక చేదు నిజం మిగిలే ఉన్నది. 1970 తరువాత 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడల్లోనూ భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు పతకం పొందలేదు. ఒకప్పుడు దేశానికి ఆటగాళ్లను అందించిన హైదరాబాదు ఆ వైభవాన్ని నిలుపుకోలేకపోయింది. ప్రతిభావంతులు జీవనోపాధికై వేరే నగరాలకు తరలిపోయారు. వారి వెనుక రావలసిన తరాన్ని తీర్చిదిద్దే రహీం వంటి గురువులు కరవయ్యారు. ఏటేటా పూడిక తీసి, కట్టకు మట్టి వేసి బాగుచేసుకోని చెరువు ఎంత పెద్దదైనా ఎండిపోక తప్పదు. క్రీడా సంప్రదాయమూ అంతే. గెలిచిననాడు చప్పట్లు కొట్టినంత మాత్రాన అది నిలవదు. పేరు ఆశించక ప్రతిదినం మైదానంలో చెమటోడ్చే ఆటగాళ్లూ, వారిని తీర్చిదిద్దే గురువులూ ఉన్నప్పుడే అది నిలుస్తుంది. గోల్ కొట్టినవారిని మెచ్చుకునే సమాజం, గోల్ పడకుండా కాచినవారిని కూడా గుర్తించడం నేర్చుకోవాలి. నయీముద్దీన్ జీవితం చెప్పే పాఠం ఇదే.