లోంగేవాలా గెలుపు ఎవరిది?

ఆర్మీ గొప్పా, ఎయిర్ ఫోర్స్ గొప్పా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. దానికి నా జవాబు ఒక రాత్రి కథ.

1971 డిసెంబర్ 4. రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా పోస్ట్. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గర ఉన్నది దాదాపు 120 మంది. ఎదురుగా పాకిస్తాన్ ట్యాంకులు. సాయం అడిగారు. కానీ జైసల్మేర్‌లో ఉన్న హంటర్ విమానాలకు రాత్రిపూట దాడిచేసే పరికరాలు లేవు. అంటే తెల్లారేదాకా పోస్ట్‌ని వాళ్ళే కాపాడుకోవాలి. కాపాడారు!

తెల్లారగానే హంటర్లు వచ్చాయి. దాక్కోడానికి చెట్టూచేమా లేని ఆ ఇసుకలో ట్యాంకుల్ని వెతికి వెతికి కొట్టాయి. ఇక్కడే అసలు విషయం ఉంది. ట్యాంకులు ఎక్కడున్నాయో కృషక్ అనే చిన్న విమానంలో తిరుగుతూ ఆ పైలట్లకు చెప్పింది మేజర్ ఆత్మా సింగ్. ఆయన ఆర్మీ మనిషి!

చాంద్‌పురికి మహావీర్ చక్ర వచ్చింది. గెలుపులో ఎవరి వాటా ఎంత అని రిటైరైన ఆఫీసర్లు ఏళ్ల తర్వాత కూడా వాదించుకున్నారు.

నన్నడిగితే, జవాన్లు రాత్రంతా నిలబడకపోతే పొద్దున విమానాలు వచ్చినా కాపాడటానికి పోస్ట్ ఉండేది కాదు. విమానాలు రాకపోతే పోస్ట్ మిగిలేది కాదు. పేరు కోసం పోటీ పడొచ్చు. కానీ ఆ రాత్రి కింద ఉన్నవాళ్ళు ఎదురుచూసింది ఆకాశం వైపే కదా!