సందు మనది, పెద్ద కాలువ ఎవరిది?

కరాచీ వాయవ్య అంచున ఒరంగి అనే పెద్ద బస్తీ ఉంది. 1980లో అక్తర్ హమీద్ ఖాన్ గారు అక్కడ పని మొదలుపెట్టేనాటికి మురుగు సందుల్లోనే పారేది. ప్రభుత్వమే ఉచితంగా లైను వేస్తుందని జనం ఎదురుచూస్తున్నారు.

ఆయన బస్తీనంతా ఒకేసారి కదిలించాలని చూడలేదు. ఒక సందు, ఇరవై ముప్పై ఇళ్లు చాలన్నారు. ఆ ఇళ్లవారే ఒక పెద్దను ఎన్నుకుని, చందాలు వేసుకుని, కందకం తవ్వి గొట్టాలు వేసుకున్నారు. ఒరంగి పైలట్ ప్రాజెక్టు వారికి డబ్బివ్వలేదు. కొలతలు తీసి, అంచనా వేసి, పనిముట్లు ఇచ్చింది. మరుగుదొడ్డికీ గొట్టానికీ నడుమ చిన్న తొట్టి కట్టించింది. గట్టి పదార్థం అందులో ఆగిపోతే లైను పూడుకుపోదు. కాంట్రాక్టరు లాభం లేదు కనుక ఖర్చు బాగా తగ్గింది.

మనలో కొందరు ఇక్కడికే ఆగి, “చూశారా, పేదలు ఎవరి పని వారే చేసుకోవాలి” అంటారు. ఖాన్ గారి లెక్క అది కాదు. ఇల్లు, సందు, చిన్న కాలువ ప్రజలవి. పెద్ద కాలువ, శుద్ధి కేంద్రం ప్రభుత్వానివి.

మంచినీటి దగ్గర ఈ లెక్క మరీ కఠినం. మురుగు పల్లానికి తనంతట తానే పోతుంది. నీళ్లు మాత్రం పెద్ద పైపులో ఉంటేనే కుళాయికి వస్తాయి. ఆ ప్రాజెక్టు డైరెక్టరు, ఆర్కిటెక్టు పర్వీన్ రెహ్మాన్ గారు, నగరపు పైపుల నుండి అక్రమ హైడ్రెంట్ల ద్వారా ట్యాంకర్లకు నీరు ఎలా మళ్లుతోందో పటాలు గీయించి చూపారు. 2013 మార్చి 13న, ఆఫీసు నుండి ఇంటికి వెళ్తుండగా, ఆమెను కాల్చి చంపారు.