శేషాచలం ఎర్రచందనం

ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు. సహజంగా పెరిగేది దాదాపుగా తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే: శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ కొండల్లో. రాతినేల, మండే ఎండ, తక్కువ వాన దీనికి సరిపోతాయి. ఆకు సాధారణంగా మూడు రెక్కలుగా ఉంటుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పలుచని అంచుతో గాలికి ఎగురుతుంది.

విలువంతా చేవలోనే ఉంది. అది ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే నరికిన ప్రతి మానూ తీరని నష్టమే. ముదురు ఎరుపు రంగులో ఉండే ఈ చేవ నీటిలో మునిగేంత బరువైనది. శ్రీగంధంలా పరిమళించదు. శాంటలిన్ అనే రంగుద్రవ్యం మాత్రం దండిగా ఉంటుంది. ఆ రంగును బట్టలకు అద్దేవారు. జపాన్‌లో షమిసెన్ వాద్యం మెడకు ఈ కలపనే మేలైనదిగా ఎంచుతారు. తిరుపతి దగ్గరి మాధవమాల శిల్పులు దీనితో దేవతామూర్తులు చెక్కుతారు.

విదేశీ గిరాకీయే దొంగనరుకుడుకు మూలం. 1995 నుంచి సైటెస్ ఒప్పందం దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రిస్తోంది.