పొయ్యిలో పిల్లికి చలికాలపు గూడు



"ఇవాళ వాళ్ల పొయ్యిలో పిల్లి లేవలేదు" అనే మాట మీరందరూ వినే ఉంటారు. ఆ ఇంట్లో వంట కాలేదని దాని అర్థం. ఈ మాట ఊరికే పుట్టలేదు. వెనుకటి రోజుల్లో రాత్రి వంట ముగిశాక కట్టెల పొయ్యిలోని బూడిద చాలాసేపు వెచ్చగా ఉండేది. పెరట్లో తిరిగే పిల్లి వచ్చి ఆ బూడిదలో ముడుచుకుని పడుకునేది. పొద్దున ఇల్లాలు పొయ్యి రాజేయడానికి వస్తే లేచి, ఒళ్లు విరుచుకుని బయటికి పోయేది. పొయ్యి రాజేయకపోతే దానికి లేవవలసిన అవసరం లేదు. అదీ సంగతి.

ఇప్పుడు ఆ పొయ్యి చాలా ఇళ్లలో లేదు. పట్టణాల్లో గ్యాసు ఎప్పుడో వచ్చింది. 2016లో ఉజ్వల పథకం మొదలైన తర్వాత పల్లెల్లో కూడా ఎన్నో వంటిళ్లలోకి చేరింది. ఆడవాళ్లకు పొగ బాధ తగ్గింది, మంచిదే. పూరిల్లు పోయి మిద్దె వచ్చింది, అదీ మంచిదే. కాని పొయ్యి, అటక, చూరు, గడ్డివామి ఒక్కొక్కటే తగ్గిపోతూ ఉంటే, పిల్లి చలికాలంలో తలదాచుకునే చోట్లు కూడా వాటితోనే తగ్గిపోయాయి. పిల్లి మాత్రం మన పెరట్లోనే ఉంది. పక్కింటివారు దాన్ని బెక్కు అన్నా, పూనై అన్నా, బిలేయి అన్నా, మాంజర్ అన్నా, అది అందరి ఇళ్ల మధ్యా తిరిగే జీవమే. అటువంటి పిల్లులను చలి నుంచి ఎలా కాపాడుకోవాలో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

పిల్లికి ఒంటినిండా బొచ్చు ఉంది కదా, దానికి చలేమిటి అని మీరు అడగవచ్చు. పిల్లి ఒంటి వేడి మన ఒంటి వేడి కంటే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి సుమారు 101, 102 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిని అది తిన్న తిండితో తానే తయారు చేసుకుంటుంది. బొచ్చు చేసే పని ఆ వేడి బయటికి పోకుండా ఆపడం. వెంట్రుకల మధ్య చిక్కుకున్న గాలి దుప్పటిలా పనిచేస్తుంది. అయితే బొచ్చు తడిసిందా, ఆ గాలి పొర పోతుంది. ఈదురుగాలి వీచిందా, ఆ పొర చెదిరిపోతుంది. అంటే పిల్లిని ఎక్కువగా బాధపెట్టేది ఉత్త చలి కాదు. చలితో కలిసిన తడి, చలితో కలిసిన గాలి. అందుచేత మనం దానికి నిప్పు ఇవ్వనక్కరలేదు. తడి లేని, గాలి తగలని, ఇరుకైన చోటు ఇస్తే చాలు. మిగతా వేడి అదే పుట్టించుకుంటుంది.

ఈ ఒక్క మాట గుర్తుంటే గూడు కట్టడం తేలిక. పండ్ల దుకాణం నుంచి వచ్చిన చెక్కపెట్టె గాని, చేపలు, మందులు రవాణా చేసే థర్మాకోల్ పెట్టె గాని తీసుకోండి. చేపల పెట్టె అయితే బాగా కడిగి ఎండబెట్టండి. లోపల సుమారు 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉంటే ఒకటి రెండు పిల్లులకు సరిపోతుంది. ఇంకా పెద్దది పెడితే మేలు కదా అనుకోకండి. పెద్ద పెట్టెను ఒక్క పిల్లి తన ఒంటి వేడితో వెచ్చబరచలేదు. పెట్టెకు ఒక పక్క 6 అంగుళాల ద్వారం కోయండి. అడుగు నుంచి రెండు మూడు అంగుళాలు వదిలి పైన కోస్తే వాన చినుకులు లోపలికి చిందవు. పెట్టెను నేలమీద పెట్టకుండా నాలుగు ఇటుకల మీద నిలబెట్టండి. పైన పాత ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టండి.

ద్వారం ఎటువైపు ఉండాలి? మన వైపు చలికాలపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. కనుక ద్వారం దక్షిణానికో పడమటికో తిప్పండి. ఇది వాస్తు కోసం కాదు, గాలి కోసం. ఇంకా మంచి ఉపాయం, ద్వారాన్ని గోడవైపు తిప్పి, గోడకూ పెట్టెకూ మధ్య జానెడు సందు వదలడం. ఆ సందులో పిల్లి దూరుతుంది, వీధికుక్క దూరలేదు. గాలి కూడా నేరుగా లోపలికి కొట్టదు.

ఇక లోపల పరుపు. చాలామంది జాలిపడి పాత చీరో దుప్పటో వేస్తారు. వరండాలో, పొడి చోట అయితే ఫరవాలేదు గాని, ఆరుబయట గుడ్డ పనికిరాదు. మంచును, పిల్లి కాళ్ల తడిని, దాని ఊపిరిలోని చెమ్మను గుడ్డ పీల్చుకుంటుంది. రెండు రోజుల్లో అది చల్లటి తడిగుడ్డ అవుతుంది. ఎండుగడ్డి అలా కాదు. గడ్డిపరక లోపల బోలుగా ఉంటుంది, పరకల మధ్య గాలి నిలుస్తుంది, చెమ్మ కిందికి జారిపోతుంది. పిల్లి అందులోకి దూరి గుంట చేసుకుని పడుకుంటుంది. పర్లాకిమిడి, రాయగడ, యానాం వైపు వరిగడ్డి దొరుకుతుంది. హోసూరు, కోలారు వైపు రాగిగడ్డి ఉంది, అదీ మెత్తనిదే. నాలుగైదు అంగుళాల మందాన వదులుగా పరచండి. పది పదిహేను రోజులకొకసారి, లేదా తడిసిందని తెలిసిన రోజునే, మార్చండి. బూజు వాసన వచ్చే గడ్డి వేయకండి.

అన్ని ఊళ్లలో చలి ఒకేలా ఉండదు. జయపురం, కోరాపుట్ కొండల్లో ఒక్కొక్క రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోతుంది. అక్కడ పెట్టె గోడలకు లోపల థర్మాకోల్ పలకలు అమర్చి, పిల్లి గోకకుండా వాటి మీద పలుచని అట్ట వేయడం అవసరం. సముద్రం దగ్గరున్న యానాంలో అంత చలి లేదు, కాని మంచు, చెమ్మ ఉన్నాయి. అక్కడ పైకప్పు ముఖ్యం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో కార్తీకం వరకు, ఒక్కొక్కసారి ఆ తర్వాత కూడా ఈశాన్య ఋతుపవనాల వాన పడుతుంది. అక్కడ పెట్టె కింద ఇటుకలు మరవకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చలికి ముందుగా బలయ్యేవి కూనలు. పుట్టినప్పుడు కూన బరువు సుమారు 100 గ్రాములే. మొదటి వారం రోజులు దానికి వణకడం కూడా చేతకాదు. తల్లి ఒళ్లే దానికి పొయ్యి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు అంటారు. కుక్కల భయమో, మనుషుల అలజడో, చెమ్మో ఉన్నప్పుడు అది సురక్షితమైన చోటు కోసం వెతుకుతుంది. మన పెట్టెలో పిల్లలు పెడితే మొదటి రెండు వారాలు తొంగి చూడకండి, పిల్లల చేత ముట్టించకండి. కదిలించకపోతే అక్కడే ఉండిపోయే అవకాశం ఎక్కువ.

ఎక్కడైనా ఒంటరిగా చల్లబడి, కదలిక లేని కూన కనిపిస్తే ఏం చేయాలి? వెంటనే పాలు పట్టడం మనందరికీ తోచే పని. అదే ప్రాణాపాయం. ఒళ్లు చల్లబడినప్పుడు కడుపు పనిచేయదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముందు వెచ్చబరచాలి. పొడిగుడ్డలో చుట్టి మీ ఒంటికి ఆనించి పట్టుకోండి. లేదా సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, పక్కన పెట్టండి. గంట రెండు గంటల మీద మెల్లగా వేడెక్కాలి. నిప్పు సెగ చూపకూడదు. కోలుకున్నాక తల్లి దగ్గరకు చేర్చండి. తల్లి రాకపోతే పశువైద్యుణ్ణి సంప్రదించండి. ఆవుపాలు కూనకు సరైన ఆహారం కాదు. పెద్ద పిల్లుల్లో కూడా చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి, ఒంట్లో నీరు పోతుంది.

చలికాలంలో పిల్లికి తిండి కాస్త ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆ తిండే దాని వేడి. ఉడికించిన చేప, కోడిమాంసం ముల్లూ ఎముకా తీసి పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టకండి, అవి పిల్లి రక్తానికి చెరుపు. తిండి గూటిలో పెడితే చీమలూ కుక్కలూ చేరతాయి, కొంచెం దూరంగా పెట్టండి. మంచినీళ్లు రోజూ మార్చండి.

మరికొన్ని జాగ్రత్తలు. గూటి దగ్గర కుంపటి గాని, కరెంటు బల్బు గాని పెట్టకండి, ఎండుగడ్డి అంటుకుంటుంది. పిల్లికి జలుబు చేసిందని పారాసిటమాల్ మాత్ర వేయకండి. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. తలనొప్పి బామ్ రాయడం, గూటిలో కలరా ఉండలు వేయడం కూడా ప్రమాదమే. పంట ఇంటికి వచ్చే ఈ రోజుల్లో ఎలుకల మందు పెడుతుంటారు. మందు తిన్న ఎలుకను తిని పిల్లి కూడా చావవచ్చు. ధాన్యం కాపాడే జీవాన్ని ధాన్యం కోసమే పోగొట్టుకోవడం అవుతుంది. ఇక కారు, ఆటో, ట్రాక్టరు ఉన్నవారికి ఒక మనవి. ఇంజను వేడికి పిల్లులు దాని పక్కన దూరి పడుకుంటాయి. పొద్దున బండి తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు చరిచి, ఒక నిమిషం ఆగండి.

వీధిపిల్లి గీరినా కరిచినా నిర్లక్ష్యం చేయకండి. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి.

మాఘమాసంలో మాకులు వణుకుతాయని మన పెద్దల మాట. మాకులే వణికే చలిలో ఒక పెట్టె, నాలుగు ఇటుకలు, ఒక చేరెడు గడ్డి పరకలతో మొదలుపెట్టి, గూడు నింపడానికి ఎంతసేపు పడుతుంది? ఈ ఆదివారం పిల్లల చేత ఆ పని చేయించండి. పిల్లి మొదటి రాత్రే వచ్చి పడుకోకపోవచ్చు. గూటిని చోటు మార్చకుండా కొన్నాళ్లు అలాగే ఉంచండి. ఒక పొద్దున గడ్డి మధ్యలో గుండ్రటి గుంట కనిపిస్తే, రాత్రి ఎవరో వచ్చి పడుకుని వెళ్లారని తెలుసుకోండి.