వేరు ముందు, ఆకు తరువాత

2024 ఆగస్టు 31 సాయంకాలం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు కూలిపోయాయి. భూపాలపల్లి వైపు వారికి బాగా తెలిసిన అడవే అది. వేర్లు లోతుకు పోక పక్కలకు పాకడం ఒక కారణమని అటవీ అధికారులు చెప్పారు. పైమట్టిలోనే అన్నీ దొరికే చెట్టు లోతుకు వెదకదు గదా!

ప్రియ పాఠకులారా, ఈ మాట విని, శ్రమలోనున్న పొరుగువారిని చూసి వీరికి విశ్వాసపు వేరు లేదని తీర్పు తీర్చవద్దు. ఆ మరునాడే మహబూబాబాద్ జిల్లాలో వరద ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుకట్టను కోసివేసింది. ఆకేరు పొంగింది. ఇది ప్రార్థనాపరుని చేను, ఇది కాదు అని వరద చూడదు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనంగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చిక్కు వచ్చింది.

జనగామ మెట్టనేలలో తాటిచెట్టు సంగతి వేరు. టెంక పాతితే మొలక మొదట పైకి రాదు, కిందికి దిగుతుంది. మనం కాల్చుకొని తినే గేగు అదే. ఆకు కనబడడానికి నెలలు పడుతుంది. కాపుకు పన్నెండు, పదిహేనేండ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. జవాబు రాని ప్రార్థనతో ఏండ్ల తరబడి ఓర్చుకొనే ఇల్లు కూడా పైకి ఏమీ లేనట్టే కనబడుతుంది. మత్తయి 13లో రాతినేల విత్తనం మాత్రం వెంటనే మొలిచింది, ఎండకు మాడింది. మన సంఘాలలో త్వరగా మొలిచినవారికే మెప్పు ఎక్కువ!

ఈసారి గేగులు తవ్వేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, ఆకు లేనిచోట మట్టి కింద ఏముందో చూపించండి.