తీపి పసిగట్టే నాలుకకు విషం తెలియదు

చెరుకు రసం బండి దగ్గర, మిఠాయి దుకాణంలో జిలేబీ పళ్లెం మీద తేనెటీగలు మూగడం మనకు కొత్త కాదు. అదే శాకరిన్ కలిపిన నీళ్లు పెడితే అవి పట్టించుకోవు. మన నాలుకకు పంచదార కంటే కొన్ని వందల రెట్లు తియ్యగా తోచే ఆ పదార్థం తేనెటీగకు అసలు తీపే కాదు. తేనెటీగల నృత్య భాషను విప్పి చెప్పి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వాన్ ఫ్రిష్ అంతకు దశాబ్దాల ముందే వాటికి రకరకాల చక్కెరలు రుచి చూపించారు. మనకు తియ్యగా ఉండే చాలా చక్కెరలు వాటికి తీపిగా తోచవని గుర్తించారు.

మరి తేనెటీగకు ఏది తీపి? పూలలో దొరికేదే. మకరందంలో ప్రధానంగా ఉండేవి మూడు చక్కెరలు: సుక్రోజ్ (మన పంచదార ఇదే), గ్లూకోజ్, ఫ్రక్టోజ్.

కాళ్లతోనూ రుచి

తేనెటీగ రుచి చూసేది నోటితో మాత్రమే కాదు. యాంటెన్నాల కొసల్లో, నాలుక చుట్టూ, ముందుకాళ్ల పాదాల్లో సన్నని నూగు లాంటి రోమాలుంటాయి. ఒక్కో రోమం కొసన చిన్న రంధ్రం. మకరందం అందులోంచి లోపలికి చేరి నాడీకణాల మీది గ్రాహకాలను తాకుతుంది. చక్కెర ఎంత చిక్కగా ఉంటే నాడీకణం అంత వేగంగా మెదడుకు సంకేతాలు పంపుతుంది. ఆకలితో ఉన్న తేనెటీగ యాంటెన్నాకు పంచదార నీటి చుక్క తాకిస్తే చాలు, నాలుక దానంతటదే బయటికి చాస్తుంది.

ఒకే పట్టులోని తేనెటీగలకూ రుచి ఒకేలా ఉండదు. పుప్పొడి తెచ్చేవి పలచని తీపికి కూడా నాలుక చాపుతాయి. మకరందం తెచ్చేవి అంత సులభంగా ఒప్పుకోవు, చిక్కటి తీపి కావాలి. అలాంటిది దొరికితే పట్టుకు తిరిగొచ్చి ఎక్కువసేపు నృత్యం చేస్తాయి. అది చూసి మిగతావి ఆ పూల దారి పడతాయి. ఒక్క తేనెటీగ నాలుక ఇచ్చిన తీర్పు అలా పట్టు మొత్తానిదీ అవుతుంది.

పదే జన్యువులు

2006లో తేనెటీగ జన్యుపటం వెలువడినప్పుడు శాస్త్రవేత్తలను ఒక లెక్క ఆశ్చర్యపరిచింది. వాసన గ్రాహకాల జన్యువులు 160కి పైగా ఉంటే, రుచి గ్రాహకాలవి అప్పటి లెక్కలో పదే తేలాయి. పండ్ల మీద వాలే చిన్న డ్రొసోఫిలా ఈగకే అవి దాదాపు 60 ఉన్నాయి. దీనికి శాస్త్రవేత్తలు చెప్పిన కారణం ఇది: ఆకులు తినే పురుగును మొక్క విషంతో తరిమేస్తుంది కాబట్టి ఆ పురుగుకు చేదు తెలియాలి. తేనెటీగను మాత్రం మొక్కే పిలిచి విందు పెడుతుంది. విందుకు పిలిచిన చోట విషాన్ని అనుమానించే అవసరం అంతగా రాలేదు.

ఇప్పుడు ఆ నమ్మకమే దానికి ముప్పు తెస్తోంది.

నియోనికోటినాయిడ్ రకం పురుగుమందులు అంతర్వాహికమైనవి. విత్తనానికి పట్టించినా మొక్కంతా పాకి, పుప్పొడికి, మకరందానికి చేరగలవు. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డిన్ రైట్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాంటి మూడు మందులను పరీక్షించారు. తేనెటీగల రుచి నాడులు వాటిని గుర్తించనే లేదు. పైగా మామూలు చక్కెర నీళ్లు, మందు కలిపినవి పక్కపక్కనే పెడితే, ఇమిడాక్లోప్రిడ్ లేదా థయామిథాక్సామ్ ఉన్న నీళ్లనే ఎక్కువ తాగాయి. రుచి తెలియకపోయినా మందు మెదడు మీద పనిచేసి అటు లాగుతోందని ఆ బృందం భావించింది.

‘మందు పడిన పూల జోలికి తేనెటీగలు వాటంతటవే పోవులే’ అనే ధీమా ఇక చెల్లదు. ఆ మూడు మందులనూ ఆరుబయట పంటలకు వాడకుండా ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. మన దేశంలో ఈ రకం మందులు వాడుకలోనే ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో పత్తి విత్తనాలకు ఇమిడాక్లోప్రిడ్ పట్టించడం మామూలే. పూత సమయంలో మందు కొట్టకపోవడం, తప్పనిసరైతే తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టడం మంచిదే. కానీ మొక్క లోపలికి పాకే మందుకు ఆ జాగ్రత్త ఒక్కటే సరిపోదు. ఏ పంటకు ఏ మందు, ఎప్పుడు అన్నది ముందే ఆలోచించాలి. పొద్దుతిరుగుడు గింజ కట్టడానికి తేనెటీగ కావాలి. దాని నాలుక పట్టలేని తేడాను మనమే పట్టాలి.